చాట్‌లో రాసిన చిరునామాను రౌటర్ ఎందుకు దిద్దుతుంది? లినక్స్ కెర్నల్‌లోని ఐఆర్‌సీ న్యాట్ హెల్పర్

ఇంట్లోనో ఆఫీసులోనో నలుగురు ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను పంచుకునేలా చేసే పద్ధతిని నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ అంటారు. పొట్టిగా న్యాట్. వెబ్‌సైట్లు చూడటానికి ఇది అడ్డు రాదు. కానీ చాట్‌లో ఒకరి కంప్యూటర్ నుంచి మరొకరి కంప్యూటర్‌కు నేరుగా ఫైల్ పంపబోతే అడ్డు తగులుతుంది. ఐఆర్‌సీ అనే పాత చాట్ పద్ధతికి ఎదురైన ఈ చిక్కును విప్పడానికి లినక్స్ కెర్నల్‌లో రెండు చిన్న మాడ్యూళ్లు పెట్టారు. ఒకటి ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్ ఐఆర్‌సీ, రెండోది ఎన్ఎఫ్ న్యాట్ ఐఆర్‌సీ. ఇవి మన చాట్‌ను చదువుతాయి, అందులోని చిరునామాను దిద్దుతాయి, బయటివాళ్ల కోసం రౌటర్‌లో ఒక తలుపు తీస్తాయి.

ఈ విషయం మాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. మా డెస్కులో పనిచేసేవాళ్లం ఒక్క ఊళ్లో ఉండం. ఒకరు బళ్లారిలో, ఒకరు హోసూరులో, ఇంకొకరు బరంపురంలో. తెలుగు మాధ్యమం బడిలో టీచర్ల ఖాళీలు నింపాలని ఇవ్వాల్సిన ఒక అర్జీకి పాత కాగితాల స్కాన్లు జతచేయాల్సి వచ్చింది. ఐఆర్‌సీలో మాట్లాడుకుంటూనే ఫైల్ పంపబోయాం. చాట్ చక్కగా నడుస్తోంది, ఫైల్ మాత్రం కదల్లేదు. తప్పు నీ నెట్‌దంటే నీ నెట్‌దని ఒకరినొకరం అనుకుంటూ ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాం. తప్పు ఎవరి నెట్‌దీ కాదు. ఆ చిక్కు ఏమిటో, దానికి కెర్నల్ చేసిన ఉపాయం ఏమిటో, ఆ ఉపాయం వల్ల వచ్చిన కొత్త ప్రమాదం ఏమిటో ఈ వ్యాసంలో చెబుతున్నాం. ఇంట్లో రౌటర్ ఉన్న ప్రతివారికీ ఇందులో పనికొచ్చే సంగతి ఉంది.

ఒక్క చూపులో

• ఐఆర్‌సీ మొదలైంది: 1988 ఆగస్టు, ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయం. తయారుచేసినవారు యార్కో ఓయికరినెన్.
• ప్రోటోకాల్ మొదటి పత్రం: ఆర్ఎఫ్‌సీ 1459, 1993 మే.
• న్యాట్‌ను వివరించిన మొదటి పత్రం: ఆర్ఎఫ్‌సీ 1631, 1994 మే.
• లినక్స్‌లో ఇప్పటి హెల్పర్‌కు మూలం: 2000-2001లో హరాల్డ్ వెల్టె రాసిన కోడ్.
• హెల్పర్ మామూలుగా కనిపెట్టే పోర్టు: 6667.
• తెరిచిన తలుపు వేచి ఉండే సమయం: మామూలుగా 300 సెకన్లు.
• ఒక చాట్ కనెక్షన్‌కు ఒకేసారి తెరిచే తలుపులు: మామూలుగా 8.

కవరు మీద ఒకటి, ఉత్తరంలో ఒకటి

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడ్డ మనకు ఈ సంగతి చెప్పడం సులువు. ఉత్తరాల రోజుల్లో కవరు మీద చిరునామా హోసూరువాళ్లు తమిళంలోనో ఇంగ్లీషులోనో, బళ్లారివాళ్లు కన్నడంలో, బరంపురంవాళ్లు ఒడియాలో, షోలాపూర్‌వాళ్లు మరాఠీలో రాసేవారు. లోపల ఉత్తరం మాత్రం తెలుగులోనే. పోస్ట్‌మ్యాన్‌కు కవరు చదవగలిగితే చాలు, లోపల ఏముందో అక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో ప్యాకెట్ కూడా అంతే. దానికి పైన కవరు ఉంటుంది, లోపల విషయం ఉంటుంది. కవరు మీద పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, రెండు పోర్టు నంబర్లు ఉంటాయి. న్యాట్ చేసే రౌటర్ కవరు మీద ఉన్నదాన్నే మారుస్తుంది. లోపలిది ముట్టుకోదు.

ఇప్పుడు ఉత్తరం లోపల "నాకు జవాబు ఫలానా చిరునామాకు రాయండి" అని ఉందనుకోండి. ఆ ఫలానా చిరునామా అపార్ట్‌మెంట్ లోపల మాత్రమే తెలిసే ఫ్లాట్ నంబరు అనుకోండి. వీధి పేరు లేదు, ఊరు పేరు లేదు. కవరు ఎంత సరిగ్గా ఉన్నా ఆ జవాబు రాదు. ఐఆర్‌సీలో మా ఫైల్‌కు జరిగింది అచ్చంగా ఇదే.

న్యాట్ ఎందుకు వచ్చింది

పాత తరహా ఇంటర్నెట్ చిరునామా, అంటే ఐపీవీ4, 32 బిట్ల సంఖ్య. మొత్తం కలిపి 429 కోట్ల చిల్లర చిరునామాలే వస్తాయి. అవి ప్రపంచానికి చాలవని 1990ల మొదట్లోనే అర్థమైంది. అందుకని ఇళ్ల లోపల, ఆఫీసుల లోపల వాడుకోవడానికి కొన్ని వరుసలను పక్కన పెట్టారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఆ కోవలోవి. 1996 ఫిబ్రవరి నాటి ఆర్ఎఫ్‌సీ 1918 ఈ వరుసలను ఖరారు చేసింది. మీ ఫోన్‌కు మీ ఇంటి వైఫైలో ఉన్న చిరునామా దాదాపుగా వీటిలోనిదే అయి ఉంటుంది. పక్కింటి ఫోన్‌కూ అదే ఉండవచ్చు. ఇంటి బయట దానికి విలువ లేదు.

లోపలి నుంచి ప్యాకెట్ బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ కవరు మీది లోపలి చిరునామాను కొట్టేసి తన చిరునామా రాస్తుంది. ఎవరి తరఫున ఏ పోర్టు వాడిందో ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే ఆ పట్టిక చూసి సరైన కంప్యూటర్‌కు అందిస్తుంది. లినక్స్‌లో ఈ పట్టికను నడిపే భాగాన్ని కనెక్షన్ ట్రాకింగ్ అంటారు.

ఈ ఏర్పాటుకు ఒక షరతు ఉంది. మాట ముందు లోపలి నుంచే మొదలవ్వాలి. బయటివారు తమంతట తాము వచ్చి తలుపు తడితే పట్టికలో వారి పేరు ఉండదు, రౌటర్ వారిని వెనక్కి పంపేస్తుంది.

ఐఆర్‌సీ, డీసీసీ

ఐఆర్‌సీలో అందరూ ఒక సర్వర్‌కు కలుస్తారు. ఒకరు రాసిన మాట సర్వర్‌కు వెళ్తుంది, సర్వర్ దాన్ని మిగతావారికి పంపుతుంది. ఇందులో ప్రతి ఒక్కరి కనెక్షన్ లోపలి నుంచే మొదలవుతుంది కనుక న్యాట్‌కు ఇబ్బంది లేదు.

ఐఆర్‌సీలో ఒక సందేశం మొత్తం 512 బైట్లు దాటకూడదు. చివరి రెండు బైట్లు లైను ముగింపుకే పోతాయి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడుతుంది. కాబట్టి ఒక సందేశంలో మొత్తం కలిపి 170 గుర్తులకు మించి పట్టవు. అందులోనూ ఆదేశానికి, పేర్లకు కొంత పోతుంది. ఇంత ఇరుకు దారిలో స్కాన్ చేసిన కాగితం పంపడం కుదరదు.

అందుకని డీసీసీ అనే పద్ధతి పుట్టింది. సర్వర్‌ను మధ్యలో పెట్టకుండా ఇద్దరి కంప్యూటర్లూ నేరుగా కలుసుకోవడం దీని పని. ఫైల్ పంపాలంటే డీసీసీ సెండ్, ఇద్దరే మాట్లాడుకోవాలంటే డీసీసీ చాట్.

నడిచే తీరు ఇది. పంపేవారి కంప్యూటర్ ఒక పోర్టు తెరిచి కూర్చుంటుంది. తర్వాత ఐఆర్‌సీ సర్వర్ ద్వారా అవతలివారికి ఒక సందేశం పంపుతుంది. ఆ సందేశంలో డీసీసీ సెండ్ అనే మాట, ఫైల్ పేరు, తన చిరునామా, తెరిచిన పోర్టు నంబరు, ఫైల్ సైజు వరుసగా ఉంటాయి. అవతలివారు ఒప్పుకుంటే వారి కంప్యూటర్ ఆ చిరునామాకు, ఆ పోర్టుకు కనెక్ట్ అవుతుంది.

చిక్కు ఎక్కడుందో ఇప్పుడు తెలిసిపోతుంది. చిరునామా ఉన్నది కవరు మీద కాదు, ఉత్తరం లోపల. అది 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా. బరంపురంలో ఉన్న మా మనిషి కంప్యూటర్ ఆ చిరునామా కోసం వెతికితే తన ఇంట్లోనే వెతుకుతుంది. ఒకవేళ సరైన చిరునామాకే వచ్చినా, హోసూరు రౌటర్ పట్టికలో ఆ కనెక్షన్ ఊసే ఉండదు. అంటే రెండు అడ్డంకులు. చిరునామా తప్పు, తలుపు మూసి ఉంది.

హెల్పర్ చేసే పనులు

ఈ రెండు అడ్డంకులకూ కెర్నల్‌లో రెండు మాడ్యూళ్లు. ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్ ఐఆర్‌సీ చాట్‌ను కనిపెట్టి తలుపు సంగతి చూస్తుంది. ఎన్ఎఫ్ న్యాట్ ఐఆర్‌సీ చిరునామా దిద్దుతుంది. రెండోది రెండు వందల లైన్లు కూడా లేని ఫైల్.

మొదటి పని చదవడం. లోపలి నుంచి 6667 పోర్టుకు వెళ్లే చాట్ కనెక్షన్‌లో ప్రతి ప్యాకెట్‌నూ చూస్తుంది. సర్వర్ నుంచి లోపలికి వచ్చేవాటిని చూడదు. డీసీసీ సందేశం కంటికి కనపడని ఒక గుర్తుతో మొదలవుతుంది, ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 1. ఆ గుర్తు, డీసీసీ అనే మాట, ఆ వెంటనే సెండ్, చాట్, మూవ్, టీసెండ్, ఎస్‌చాట్ అనే అయిదింటిలో ఒకటి కనిపిస్తే అక్కడ ఆగుతుంది.

రెండో పని సరిచూడటం. సందేశంలోని చిరునామా నిజంగా ఆ పంపినవారిదేనా, లేదా రౌటర్ బయటి చిరునామానా అని చూస్తుంది. రెండూ కాకపోతే అది దొంగ సందేశమని లాగ్‌లో రాసి వదిలేస్తుంది.

మూడో పని ఎదురుచూపు నమోదు చేయడం. "ఈ పోర్టుకు బయటి నుంచి ఒక కనెక్షన్ రాబోతోంది, వస్తే రానివ్వండి" అని పట్టికలో రాస్తుంది. కెర్నల్ భాషలో దీన్ని ఎక్స్‌పెక్టేషన్ అంటారు. అది ఒక్క కనెక్షన్‌కే చెల్లుతుంది. 300 సెకన్లలో ఎవరూ రాకపోతే రద్దవుతుంది. ఇలా వచ్చిన కనెక్షన్‌కు రిలేటెడ్ అనే ముద్ర పడుతుంది. చాలా ఫైర్‌వాళ్లలో "రిలేటెడ్ అయితే లోపలికి పంపు" అనే నియమం ముందే రాసి ఉంటుంది.

నాలుగో పని దిద్దడం. సందేశంలోని లోపలి చిరునామాను తీసేసి రౌటర్ బయటి చిరునామా రాస్తుంది. పోర్టు నంబరు వీలైతే అదే ఉంచుతుంది. అది అప్పటికే వేరొకరికి ఇచ్చి ఉంటే వేరే నంబరు ప్రయత్నిస్తుంది.

అంకెల్లో చూస్తే

డీసీసీలో చిరునామాను చుక్కలతో రాయరు. మొత్తాన్ని ఒకే పెద్ద సంఖ్యగా రాస్తారు. 192.168.1.10 అనే చిరునామా 3232235786 అవుతుంది. మొదటి భాగాన్ని 16777216తో, రెండోదాన్ని 65536తో, మూడోదాన్ని 256తో గుణించి, నాలుగోదాన్ని కలిపితే ఈ సంఖ్య వస్తుంది. రౌటర్ బయటి చిరునామా 203.0.113.5 అనుకుందాం. ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన వరుసలోది ఇది. దాని సంఖ్య 3405803781. హెల్పర్ మొదటి సంఖ్య తీసేసి రెండోది రాస్తుంది.

రెండు సంఖ్యలకూ 10 అంకెలే కాబట్టి ఇక్కడ సందేశం పొడవు మారలేదు. బయటి చిరునామా 49తో మొదలయ్యేదైతే 9 అంకెలే వస్తాయి, సందేశం ఒక బైటు తగ్గుతుంది. టీసీపీలో ప్రతి బైటుకూ వరుస సంఖ్య ఉంటుంది. ఒక బైటు తగ్గితే ఆ తర్వాత వెళ్లే ప్రతి ప్యాకెట్ వరుస సంఖ్యా, వచ్చే ప్రతి అందినట్టు రశీదూ ఒకటి చొప్పున సర్దాలి. చాట్ ముగిసేదాకా కెర్నల్ ఈ లెక్క మోస్తూనే ఉండాలి. ఒక్క అంకె దిద్దినందుకు పడే బరువు ఇది.

హెల్పర్‌కు తెలివి తక్కువని కూడా గుర్తుంచుకోవాలి. సెండ్ తర్వాత ఫైల్ పేరు వస్తుంది. హెల్పర్ మొదటి ఖాళీ దాకా ఉన్నదాన్ని పేరు అనుకుని దాటేస్తుంది, ఆ తర్వాతది చిరునామా అనుకుంటుంది. ఫైల్‌కు తెలుగులో పేరు పెట్టినా ఇబ్బంది లేదు, తెలుగు అక్షరాల బైట్లలో ఖాళీ గుర్తు రాదు. కానీ పేరు మధ్యలో ఖాళీ ఉంటే రెండో మాటనే చిరునామా అనుకుని తప్పులో కాలేస్తుంది. సందేశం రెండు ప్యాకెట్లుగా విరిగి వెళ్లినా దానికి అర్థం కాదు.

ఎలా వచ్చింది

లినక్స్‌లో ఈ ఆలోచన కొత్తది కాదు. 2.0, 2.2 కెర్నళ్ల కాలంలో న్యాట్‌ను మాస్కరేడింగ్ అనేవారు. అప్పుడే ఐఆర్‌సీకి వేరే మాడ్యూల్ ఉండేది. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌తో నెట్‌ఫిల్టర్ అనే కొత్త ఏర్పాటు వచ్చింది. దానికి మూలపురుషుడు రస్టీ రస్సెల్. హరాల్డ్ వెల్టె ఆయన రాసిన ఎఫ్‌టీపీ న్యాట్ కోడ్‌ను ఆధారం చేసుకుని ఐఆర్‌సీ హెల్పర్ రాశారు. ఎఫ్‌టీపీలో కూడా చిరునామా సందేశం లోపలే ఉంటుంది కాబట్టి ఒకదాని మందు రెండోదానికి పనికొచ్చింది. 2007 ఫిబ్రవరి నాటి 2.6.20 కెర్నల్‌లో ఈ హెల్పర్లన్నీ ఇప్పటి ఎన్ఎఫ్ పేర్లలోకి మారాయి.

ఇది లినక్స్‌కే పరిమితం కాదు. ఫ్రీబీఎస్‌డీలోని లిబ్అలియాస్‌లోనూ ఐఆర్‌సీకి ఒక భాగం ఉంది. ఇలాంటి ఏర్పాట్లన్నిటికీ కలిపి అప్లికేషన్ లేయర్ గేట్‌వే అని పేరు. రౌటర్ సెట్టింగుల్లో కనిపించే ఏఎల్‌జీ అనే మూడక్షరాలు ఇవే.

నమ్మకం దెబ్బతిన్న చోటు

ఇక్కడిదాకా చదివితే హెల్పర్ ఉపకారే అనిపిస్తుంది. ఉపకారే. కానీ అది చేస్తున్న పనిని ఇంకోవైపు నుంచి చూడండి. లోపలి నుంచి బయటికి వెళ్లే ఒక వాక్యంలో కొన్ని అక్షరాలు కనిపించినంత మాత్రాన బయటివారికి తలుపు తీస్తోంది. ఆ వాక్యం రాసింది ఇంటివారేనా, వారి చేత ఇంకెవరైనా రాయించారా అని దానికి తెలియదు.

పైగా ఫైల్ అందుకునేవారి చిరునామా డీసీసీ సందేశంలో ఉండదు. కాబట్టి హెల్పర్ "ఫలానావారు వస్తేనే రానివ్వండి" అని రాయలేదు. "ఎవరు వచ్చినా రానివ్వండి" అనే రాయాలి.

2010లో సామీ కామ్కార్ అనే భద్రతా పరిశోధకుడు ఇందులో ఉన్న ప్రమాదాన్ని చేసి చూపించారు. మీరు ఒక వెబ్ పేజీ తెరుస్తారు. ఆ పేజీ మీకు తెలియకుండా మీ బ్రౌజర్ చేత ఒక ఫారం పంపిస్తుంది. ఆ ఫారం వెళ్లేది 6667 పోర్టుకు, అందులో ఉండేది డీసీసీ చాట్ సందేశం. రౌటర్ దాన్ని చూసి ఇంట్లోవారు ఐఆర్‌సీ వాడుతున్నారనుకుని, సందేశంలో అడిగిన పోర్టును తెరుస్తుంది. ఇంట్లో ఎవరూ ఐఆర్‌సీ పేరు కూడా విని ఉండరు. దీనికి ఆయన పెట్టిన పేరు న్యాట్ పిన్నింగ్. 2020 అక్టోబరులో ఆయనే సిప్ అనే ఫోన్ ప్రోటోకాల్ హెల్పర్‌తో ఇలాంటిదే ఇంకా బలంగా చూపించారు. ఇప్పుడు బ్రౌజర్లు 6665 నుంచి 6669 వరకు ఉన్న పోర్టులకు, సిప్ వాడే 5060, 5061 పోర్టులకు వెళ్లడానికి ఒప్పుకోవు. సిప్ పోర్టుల నిషేధం వెనక ఉన్న కథ ఇదే.

కోడ్‌లోనూ తప్పులు దొరికాయి. 2014లో బయటపడ్డ ఒకదాంట్లో, దిద్దిన చిరునామా రాయాల్సిన చోట సరిగ్గా నింపని జ్ఞాపకం ముక్క సందేశంలోకి వెళ్లేది. అంటే కెర్నల్ లోపలి సమాచారం బయటికి పొక్కే వీలుండేది. 3.12.8 కెర్నల్‌లో దాన్ని సరిచేశారు.

2022లో డేవిడ్ లెడ్‌బీటర్ ఇంకో సంగతి బయటపెట్టారు. డీసీసీ సందేశం ఐఆర్‌సీ వాక్యంలో ఎక్కడ ఉన్నా హెల్పర్ నమ్మేస్తోంది. పింగ్ అనే ఆదేశంలో ఏ మాట వస్తే క్లయింటు అదే మాటను తిప్పి పంపుతుంది. ఆ మాటలో డీసీసీ సందేశం దాచి పంపితే, మీ క్లయింటే దాన్ని మీ ఇంటి లోపలి నుంచి బయటికి పలికినట్టవుతుంది. హెల్పర్ తలుపు తీస్తుంది. దొంగ చిరునామాలను పట్టుకోవాల్సిన పరీక్ష కూడా తప్పు చోట చూస్తోందని అప్పుడే తేలింది. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన హెల్పర్‌లో ఇది. ఆ ఏడాదే రెంటినీ సరిచేశారు. ఇప్పుడు సందేశం మొదట్లో సరైన ఆదేశం ఉంటేనే హెల్పర్ పట్టించుకుంటుంది, పోర్టు నంబరు సున్నా అయితే దొంగ సందేశంగా లెక్కిస్తుంది.

అడిగితేనే పని

నెట్‌ఫిల్టర్ బృందం ఈ అనుభవాల నుంచి ఒక నిర్ణయానికి వచ్చింది. హెల్పర్ తనంతట తాను పనిచేయకూడదు. 2012లో 3.5 కెర్నల్‌తో తనంతట పనిచేయడాన్ని ఆపుకునే మీట ఇచ్చారు. 2016లో 4.7 కెర్నల్ నుంచి మామూలుగానే ఆపి ఉంచారు. 2022లో ఆ మీటనే తీసేశారు.

ఇప్పుడు హెల్పర్ కావాలంటే ఫైర్‌వాల్ నియమాల్లో స్పష్టంగా రాయాలి. ఫలానా కంప్యూటర్ నుంచి ఫలానా సర్వర్‌కు 6667 పోర్టు మీద వెళ్లే కనెక్షన్‌కు ఐఆర్‌సీ హెల్పర్‌ను తగిలించు అని. ఐపీటేబుల్స్‌లో అయితే రా అనే పట్టికలో సీటీ అనే టార్గెట్‌తో రాస్తారు. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో అయితే ముందు సీటీ హెల్పర్ పేరు ప్రకటించి తర్వాత నియమంలో వాడతారు.

అయితే రాసినా ఇప్పుడు పని జరిగే సందర్భాలు తక్కువ. అందుకు మూడు కారణాలు.

మొదటిది గుప్తీకరణ. ఇప్పుడు ఐఆర్‌సీ ఎక్కువగా టీఎల్ఎస్ మీద, 6697 పోర్టులో నడుస్తుంది. సీలు వేసిన ఉత్తరాన్ని హెల్పర్ చదవలేదు, చదవలేనిదాన్ని దిద్దలేదు.

రెండోది మీ రౌటర్ పైన ఇంకో న్యాట్. చిరునామాల కొరత వల్ల చాలా కంపెనీలు వందలాది ఇళ్లకు కలిపి తమ దగ్గర మరో న్యాట్ నడుపుతున్నాయి. మీ ఇంటి రౌటర్ చిరునామాను దిద్ది ఇచ్చినా, ఆ దిద్దినది కూడా ఇంకో అపార్ట్‌మెంట్ లోపలి నంబరే అవుతుంది.

మూడోది ఐపీవీ6. దీనిలో ప్రతి పరికరానికీ తన చిరునామా ఉంటుంది కాబట్టి దిద్దే అవసరమే లేదు. ఐఆర్‌సీ హెల్పర్ ఐపీవీ4కే పనిచేస్తుంది.

ఐఆర్‌సీ వాడేవాళ్లే దీనికి ఒక దారి కనిపెట్టారు. దాన్ని పాసివ్ డీసీసీ అంటారు. పంపేవారు పోర్టు నంబరు సున్నా అని పంపుతారు. అంటే "నేను తలుపు తీయలేను, మీరు తీయండి, నేనే వస్తాను" అని. అవతలివారికి బయటి చిరునామా ఉంటే పని జరుగుతుంది. ఇద్దరూ న్యాట్ వెనకే ఉంటే జరగదు.

ఇప్పటి వీడియో కాల్స్ వేరే దారి పట్టాయి. రౌటర్ ఉత్తరం చదివి దిద్దాలని ఎదురుచూడవు. స్టన్ అనే సర్వర్‌ను అడిగి "నేను బయటికి ఏ చిరునామాతో కనిపిస్తున్నాను" అని ముందే తెలుసుకుంటాయి. ఇద్దరి చిరునామాలూ పోల్చి ఏ దారి తెరుచుకుంటుందో ఐస్ అనే పద్ధతితో పరీక్షిస్తాయి. ఏదీ కుదరకపోతే టర్న్ అనే సర్వర్ మధ్యలో నిలబడి మోస్తుంది. పుణేలో ఉన్న మనవడితో రాయగడలో ఉన్న అమ్మమ్మ వీడియోలో మాట్లాడగలుగుతోందంటే దాని వెనక ఎక్కువగా ఈ పద్ధతే ఉంటుంది. అప్లికేషన్ తన చిరునామా సంగతి తానే చూసుకుంటుంది, మధ్యవారి చేత ఉత్తరం చదివించదు.

మన ఇంట్లో, సంఘం ఆఫీసులో చూసుకోవాల్సినవి

1. రౌటర్ సెట్టింగుల పేజీలో ఏఎల్‌జీ అనే భాగం ఉందేమో చూడండి. ఐఆర్‌సీ పేరు ఉండి మీరు వాడకపోతే ఆపేయండి. ఇంటర్నెట్ ఫోన్‌లో మాట ఒకవైపే వినిపిస్తున్నా, కాల్ మధ్యలో తెగిపోతున్నా సిప్ ఏఎల్‌జీని ఆపి చూడండి. చాలాసార్లు దానితోనే తీరిపోతుంది.

2. రౌటర్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఉంటే వేయండి. చాలా ఇళ్ల రౌటర్లలో నడిచేది లినక్సే. పాత కెర్నల్ ఉంటే పైన చెప్పిన తప్పులు కూడా అందులోనే ఉండవచ్చు.

3. మీ రౌటర్‌లో కనిపించే బయటి చిరునామా 10, 192.168, 172.16 నుంచి 172.31, లేదా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వాటితో మొదలైతే మీ పైన ఇంకో న్యాట్ ఉన్నట్టే. అప్పుడు ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివారు రాలేరు. ఆ తంటాలు పడకండి.

4. లినక్స్‌తో సొంతంగా రౌటర్ నడిపే కుర్రాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఎల్ఎస్‌మాడ్ ఆదేశం ఇచ్చి ఐఆర్‌సీ పేరున్న మాడ్యూళ్లు ఉన్నాయేమో చూడండి. అక్కర్లేకపోతే తీసేయండి. కావాలంటే మీకు తెలిసిన సర్వర్‌కే, అవసరమైన కంప్యూటర్‌కే నియమం రాయండి. "రిలేటెడ్ అయితే అన్నీ రానివ్వు" అనే నియమాన్ని కూడా అంతే కుదించండి.

5. అర్జీలు, కుల ధ్రువీకరణ పత్రాలు, బడి రికార్డులు లాంటి కాగితాలు గుప్తీకరణ లేని చాట్‌లో పంపకండి. దారిలో ఉన్న రౌటర్ వాటిని చదవగలదంటే ఇంకెవరైనా చదవగలరు.

మా స్కాన్ల సంగతి చెప్పి ముగిస్తాం. బళ్లారిలో ఉన్న మా సహచరుడి కనెక్షన్‌కు మాత్రమే సొంత బయటి చిరునామా ఉందని తేలింది. ఆయన తన కంప్యూటర్‌లో గుప్తీకరణతో నడిచే చిన్న ఫైల్ సర్వర్ పెట్టి, దానికి ఒక్క పోర్టు తనే చేత్తో తెరిచారు. హోసూరు, బరంపురం నుంచి మేమే వెళ్లి ఫైళ్లు పెట్టాం. పని కాగానే ఆయన ఆ పోర్టు మూసేశారు. అర్జీ గడువులోపే చేరింది. ఆ సాయంత్రం ఏ హెల్పర్‌కూ మా ఉత్తరం చదవాల్సిన పని పడలేదు.